పుస్తకం మూస్తేనే చదువు!

సంక్రాంతి సెలవులు అయిపోయాయంటే చాలు... పదో తరగతి పిల్లలున్న ఇంటి వాతావరణమే మారిపోతుంది. టీవీ గొంతు తగ్గుతుంది. సెల్‌ఫోన్ నాన్న జేబులోకి చేరుతుంది. పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టం కూడా శుభలేఖ చేతికిచ్చి, మంచినీళ్లు తాగి, అడిగే మొదటి ప్రశ్న 'వీడు టెన్త్ కదూ, ఎలా చదువుతున్నాడు?' అనే. 'చదువుతున్నాడండీ, పొద్దున నాలుగింటికే లేస్తున్నాడు' అంటుంది తల్లి. ఆ మాటలో కాస్త గర్వం, కాస్త జాలి, బోలెడంత భయం.

లేస్తున్న మాట నిజం. చదువుతున్న మాటా నిజమే. సోషల్ మూడుసార్లు అయింది. సైన్స్ రెండుసార్లు. పుస్తకంలో ముఖ్యమైన వాక్యాల మీద ఒకసారి పసుపు రంగు, ఇంకోసారి గులాబీ రంగు పడింది. ఏ వాక్యం ముఖ్యం కాదో కనిపెట్టడమే ఇప్పుడు కష్టం! మరి ప్రీఫైనల్లో మార్కులేవి? అడిగితే ఏ ఊళ్లోనైనా పిల్లలు చెప్పే జవాబు ఒకటే. 'చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటున్నాయి. పెన్ను పట్టుకుంటే గుర్తుకు రావట్లేదు.'

వాళ్లు అబద్ధం ఆడటంలేదు. బద్ధకించడమూ లేదు. వాళ్లు చదివే పద్ధతిలోనే చిన్న మోసం ఉంది. ఆ మోసం పెద్దవాళ్లకి అర్థం కావాలంటే ఓ పని చేయాలి. జేబులోంచి తీయకుండా, కొత్త యాభై రూపాయల నోటు వెనక ఏ బొమ్మ ఉందో చెప్పండి. 2017 నుంచీ చలామణిలో ఉన్న నోటు. కూరగాయల దగ్గరా, ఆటోలోనూ ఎన్ని వందలసార్లు చేతులు మారి ఉంటుందో! అయినా చాలామంది తడుముకుంటారు. అక్కడున్నది హంపీలోని రాతిరథం. చెప్పగానే 'అవును కదా' అనిపిస్తుంది. ఆ 'అవును కదా' దగ్గరే పిల్లలు దెబ్బతింటున్నారు. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. పుస్తకాన్ని పదిసార్లు చదివితే మొదటిది వస్తుంది. పరీక్ష అడిగేది రెండోదాన్ని.

పద్నాలుగుసార్లు చదివినా...

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఓ ప్రయోగం ఫలితాల్ని ప్రకటించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న పాఠం ఇచ్చారు. ఒక బృందాన్ని నాలుగు విడతలుగా చదువుకోమన్నారు. ఆ కాసేపట్లో వాళ్లు పాఠాన్ని సగటున పద్నాలుగుసార్లు చదివేశారు. ఇంకో బృందాన్ని ఒక్క విడతే చదవనిచ్చి కాగితం లాగేసుకున్నారు. మిగతా మూడు విడతలూ గుర్తున్నంత రాయడమే పని. వీళ్లు చదివింది సగటున మూడు నాలుగుసార్లకు మించదు.

అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే చదివిన బృందమే గెలిచింది. వాళ్లకు 83 శాతం గుర్తుంటే, రాసిన బృందానికి 71 శాతమే. కథ అక్కడే ఆగిపోతే మన పిల్లల పద్ధతి బ్రహ్మాండమనాలి. కానీ కొందరికి వారం ఆగి పరీక్ష పెట్టారు. పద్నాలుగుసార్లు చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం. చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం! ఇంకో విచిత్రం... ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది పద్నాలుగుసార్లు చదివినవాళ్లే.

పరీక్ష పాఠం చదివిన అయిదు నిమిషాలకు ఉండదు. జులైలో విన్న పాఠం మీద ప్రశ్న మార్చి నెలాఖర్లో వస్తుంది. అందుకే ప్రీఫైనల్ తెల్లారుజామున నాలుగింటికి చదివి తొమ్మిదిన్నరకి రాసేసే పిల్లాడికి మార్కులు బాగానే వచ్చినా, పబ్లిక్ పరీక్షలో అదే పాఠం ఎక్కడికి పోయిందో తెలియదు.

2013లో జాన్ డన్లాస్కీ అనే మరో శాస్త్రవేత్త, సహచరులతో కలిసి చదువుకునే పద్ధతులు పదింటిని తూకం వేశాడు. మళ్లీమళ్లీ చదవడం, రంగుపెన్నులతో గీతలు గీయడం అట్టడుగున నిలిచాయి. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచుకోవడం... ఈ రెండూ అన్నింటికంటే ముందు నిలిచాయి. గీతల పెన్ను కొనకూడదనేం లేదు. గీసేసి చదివేశాననుకోవడమే ప్రమాదం.

అప్పజెప్పడం... మనకు కొత్తేం కాదు

నిజానికి ఇదంతా అమెరికా వాళ్లు చెబితేగానీ తెలియని సంగతేం కాదు. అప్పజెప్పడం అనే మాట మన బళ్లలోదే. సాయంత్రం బడి వదిలే ముందు వరసగా నిలబడి ఎక్కాలు అప్పజెప్పడం, పద్యం అప్పజెప్పందే ఇంటికి పంపకపోవడం తాతలకీ నాన్నలకీ బాగా తెలుసు. పదమూడో ఎక్కం ఇప్పటికీ నిద్రలో అడిగినా చెప్పే పెద్దాయన దాన్ని వందసార్లు చదివి నేర్చుకోలేదు, వందసార్లు అప్పజెప్పి నేర్చుకున్నాడు. తప్పు చెప్పినప్పుడు పడిన దెబ్బలూ జ్ఞాపకమే. దెబ్బలు పోవడం మంచిదైంది. దాంతోపాటు అప్పజెప్పడం కూడా పోవడమే నష్టం.

'అంటే బట్టీయేగా?' అనే అనుమానం రావచ్చు. కాదు. బట్టీలో మాటలు వరసగా వస్తాయి, మధ్యలో ఒక్క మాట జారితే రైలు ఆగిపోతుంది. జవాబు మొత్తం వచ్చుగానీ ప్రశ్న కాస్త మార్చి అడిగితే కంగారు. పరీక్షల విధానం మారినప్పటి నుంచీ, పాఠం చివర ఉన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు అడగడం తగ్గింది. సొంతంగా రాయమనడం పెరిగింది. కాబట్టి అప్పజెప్పాల్సింది వాక్యాలను కాదు, విషయాన్ని. తెలుగు పద్యం, గణిత సూత్రం, రసాయన సమీకరణం మాత్రం అక్షరం పొల్లుపోకుండా రావాల్సిందే. వాటికి బట్టీని తిట్టి లాభంలేదు.

అప్పజెప్పడానికి ఎదురుగా ఒకరుండాలి. సమస్యల్లా అక్కడే మొదలవుతుంది. 'మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం' అని పక్కకు తప్పుకునే తల్లిదండ్రులు మన ఊళ్లలో లక్షల్లో ఉన్నారు. వాళ్ల గురించి చెప్పాలంటే సిరిసిల్ల వైపు ఓ ఊరికి వెళ్లాలి.

అక్కడ ఓ తల్లి. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు. రోజుకిన్ని బీడీలు చుడితేగానీ ఇల్లు గడవదు. బడి గడప తొక్కింది లేదు. కూతురు సర్కారు బడిలో పదో తరగతి. జీవశాస్త్రం పోయింది ప్రీఫైనల్లో. ఇంట్లో ఎవరూ గట్టిగా అనరుగానీ, మేనత్త తరఫు సంబంధం ఒకటి ఉందన్న మాట అప్పటికే రెండుసార్లు వచ్చింది. పెళ్లయితే పద్దెనిమిది నిండేదాకా ఆగొచ్చు. చదువు ఆగిపోవడానికి ఒక్క ఫెయిల్ చాలు. బళ్లో టీచరమ్మ ఆ పిల్లకు ఇచ్చిన సలహా ఒకటే... 'రోజూ ఒక పేజీ మీ అమ్మకు చెప్పు. పుస్తకం చూడకుండా చెప్పు'.

'అమ్మా, గుండెల నాలుగు అర్రలుంటయ్. ఒళ్లంత తిరిగొచ్చిన చెడు రక్తం కుడిదిక్కు మీది అర్రలకు వస్తది. ఆడికెల్లి కింది అర్రలకు దిగుతది. ఆడికెల్లి ఊపిరితిత్తులకు పోతది.'

'ఏ నరంల పోతది?'

'పుపుస ధమనిల.'

ఆకు కత్తిరిస్తున్న చెయ్యి ఆగింది. 'ధమని అంటే మంచి రక్తం మోసేదని మొన్ననే జెప్పినవ్ గద బిడ్డా. గిదేంది మల్ల?'

పిల్ల నోట మాట లేదు. లేచి పుస్తకం తీసింది. వెతికితే దొరికింది. ధమని అంటే మంచి రక్తాన్ని మోసేది కాదు, గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది. గుండెకు తిరిగి తెచ్చేది సిర. మిగతా ఒంట్లో ధమనుల్లో మంచి రక్తమే ఉంటుంది కాబట్టి అదే నిర్వచనమనుకుంటారు పిల్లలు. ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. పుపుస ధమనిలో చెడు రక్తం, పుపుస సిరలో మంచి రక్తం. ఈ ఒక్క ముక్క మీద ఎంతమంది పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారో పేపర్లు దిద్దే మాస్టార్లను అడిగితే తెలుస్తుంది. పాఠాన్ని ఎన్నిసార్లు తిరగేసినా ఆ పిల్లకు కనిపించని తప్పు, అక్షరం రాని తల్లి చెవికి దొరికింది.

ఆ తల్లికి తెలిసింది జీవశాస్త్రం కాదు. మొన్నటి మాటకూ ఇవాళ్టి మాటకూ పొత్తు కుదరలేదని మాత్రమే తెలిసింది. అది చాలు. 'ఎందుకు?', 'ఎట్లా?', 'తరవాత?' అనే మూడు ప్రశ్నలు అడగగలిగితే ఎవరైనా పరీక్షకులే. ఆటో నడిపే నాన్నా, పొలం నుంచి వచ్చిన మావయ్యా, ఆఖరికి ఆరో తరగతి తమ్ముడూ పనికొస్తారు. చెబుతూ చెబుతూ పిల్ల ఎక్కడ ఆగిందో ఆ చోటే చదవాల్సిన చోటు. అక్కడ 'ఇన్ని నెలలూ ఏం చదివావ్?' అని విరుచుకుపడితే మాత్రం, రేపటి నుంచి ఆ పిల్ల మళ్లీ పుస్తకం వెనక దాక్కుంటుంది. తడబాటు కనపడటం కోసమే కదా ఇంత తతంగం!

ఎవరూ లేకపోతే కాగితం ఉంది. పాఠం ఒకసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద పెట్టాలి. గుండె బొమ్మో, నెఫ్రానో అయితే చూడకుండా గీసి భాగాలు రాయాలి. భారతదేశ పటం రూపురేఖలు గీసి గోదావరి ఎక్కడ పుట్టిందో, వింధ్య పర్వతాలు ఎక్కడున్నాయో గుర్తించాలి. ఆ తరవాత పుస్తకం తెరిచి ఎర్రపెన్నుతో దిద్దుకోవాలి. ఈ దిద్దుకోవడాన్ని వదిలేయకూడదు. లేదంటే తప్పే గట్టిపడిపోతుంది. మొదటి రోజు కాగితం సగం ఖాళీగా ఉంటుంది. ఏడుపొస్తుంది కూడా. చదువుకోవడం హాయిగా అనిపించేది పుస్తకం తెరిచి ఉన్నప్పుడే. మూశాక ఉండేది శ్రమ. ఆ శ్రమే గుర్తుంటుంది.

మరిచిపోయే లోపు ఇంకోసారి

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంపర్థంలేని అక్షరాల గుంపులను తనే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో తనమీద తనే లెక్కలు కట్టుకున్నాడు. 1885లో పుస్తకంగా వేశాడు. మరుపు మొదట్లో పరుగెత్తుతుంది, పోనుపోను నెమ్మదిస్తుంది అనేది ఆయన లెక్కల్లో తేలిన సంగతి. కాబట్టి ఆదివారం ఒక్కరోజే ఒక పాఠం మీద ఆరుగంటలు కూర్చునే కన్నా, ఇవాళ గంట చదివి, రేపు పుస్తకం మూసి పావుగంట, నాలుగు రోజులాగి ఇంకో పావుగంట, వారం పదిరోజులాగి మరోసారి గుర్తుచేసుకుంటే ఎంతో లాభం. గోడమీద క్యాలెండర్‌లో పాఠం పేరు రాసుకుంటే సరిపోతుంది. రంగురంగుల టైమ్‌టేబుల్ తయారీకే రెండు రోజులు పట్టే పిల్లలు ప్రతి తరగతిలో నలుగురైనా ఉంటారు!

ఇదివరకటి కన్నా ఇప్పుడు ఇది మరీ అవసరం. ఒకప్పుడు పదో తరగతికి 11 పేపర్లు. హిందీ తప్ప ప్రతి సబ్జెక్టుకూ రెండేసి. లెక్కల్లో మొదటి పేపరు పాఠాలు వేరు, రెండో పేపరు పాఠాలు వేరు. సగం పుస్తకాన్ని తలలో పెట్టుకుని వెళ్లి, రాసేసి వచ్చి, మిగతా సగాన్ని ఎక్కించుకునేవాళ్లు. కొవిడ్ తరవాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేపర్ల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. సైన్స్‌ను వదిలేస్తే ఒక సబ్జెక్టుకు ఒకటే పేపరు. పేపర్లు తగ్గాయని సంబరపడ్డారంతా. జూన్ పాఠమూ, జనవరి పాఠమూ ఒకే పొద్దున తలలో ఉండాలన్నది మాత్రం తరవాత తెలిసొచ్చింది.

లెక్కల సంగతి కాస్త ప్రత్యేకం. అభ్యాసాలన్నీ చేసిన పిల్లాడు కూడా పరీక్షలో తెల్లమొహం వేస్తాడు. కారణం... త్రికోణమితి పాఠం వెనకున్న లెక్క చేసేటప్పుడు అది త్రికోణమితి లెక్క అని ముందే తెలిసిపోతుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. రెండు మీటర్ల కర్ర నీడ మూడు మీటర్లు పడినప్పుడు, గోపురం నీడ 45 మీటర్లుంటే దాని ఎత్తెంత? ఇది సరూప త్రిభుజాల లెక్క. కర్రకు మూడు మీటర్ల నీడకు రెండు మీటర్ల ఎత్తయితే 45కి 30 మీటర్లు, అంతే. అదే గోపురానికి 45 మీటర్ల దూరం నుంచి చూస్తే ఊర్ధ్వకోణం 30 డిగ్రీలు, ఎత్తెంత? అంటే అప్పుడు టాన్ 30 కావాలి. జవాబు 15√3, అంటే దాదాపు 26 మీటర్లు. రెండింటిలోనూ గోపురమే, రెండింటిలోనూ 45 మీటర్లే! ఏ తాళానికి ఏ చెవో తేల్చుకోవడమే అసలు పరీక్ష. అందుకని ఫిబ్రవరి నుంచి ఒక పాఠం మొత్తం ఒకేసారి చేయడం మానేసి, నాలుగు పాఠాల నుంచి తలో రెండు లెక్కలు కలిపి చీటీలు వేసి, వచ్చినదాన్ని చేయాలి. మొదట్లో తప్పులు ఎక్కువే వస్తాయి. రానివ్వండి.

పాత ప్రశ్నపత్రాలదీ ఇదే దారి. పరీక్షలొస్తే పత్రికలూ మోడల్ పేపర్లు అచ్చువేస్తాయి. కత్తిరించి ఫైల్లో దాచుకునేవాళ్లు చాలామంది. జవాబులు చదువుకునేవాళ్లు కొంతమంది. గడియారం ఎదురుగా పెట్టుకుని పెన్నుతో మొత్తం రాసేవాళ్లు... వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గైడులో జవాబు చదివి 'ఇది నాకొచ్చు' అనుకోవడం, పక్కింటివాళ్ల బండి నడపడం చూసి 'నాకూ డ్రైవింగ్ వచ్చు' అనుకోవడం లాంటిదే. వారానికి ఒక పేపరు పూర్తిగా రాసినా, చెయ్యి నొప్పి దగ్గర నుంచి సమయం చాలకపోవడం దాకా అన్నీ ఇంట్లోనే తెలిసిపోతాయి.

ఇంతగా చెప్పడానికి కారణముంది. పల్లెటూరి పిల్లలకు ఈ మార్కులు ఓ కాగితం ముక్క కాదు. 2008లో మొదలైన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, అంటే అందరూ ట్రిపుల్ ఐటీ అని పిలిచే బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ సీటు, కొవిడ్ రోజుల్ని మినహాయిస్తే, పదో తరగతి ప్రతిభ మీదే ఇస్తూ వచ్చారు. లక్షలు పోసి కోచింగ్‌కు పంపలేని ఇంటికి అదో పెద్ద తలుపు. ఆ తలుపు పిల్లల తెలివికి కాకుండా, చదివే పద్ధతి తెలియక మూసుకుపోతే ఎంత అన్యాయం!

నలభై రోజులే ఉంటే?

అన్నీ మొదటి నుంచీ చేసుకొచ్చేవాళ్లకు సలహాలతో పనిలేదు. కష్టమల్లా జనవరి దాటాక మేల్కొన్నవాళ్లది. వాళ్లు ముందు చేయాల్సింది కొత్త పాఠం తెరవడం కాదు. సబ్జెక్టుకు ఒక కాగితం తీసుకుని, పాఠాల పేర్లు రాసి, ఒక్కోదాని గురించి చూడకుండా అయిదు వాక్యాలు రాయగలరో లేదో చూసుకోవాలి. రాయగలిగినవి ఒకవైపు, రానివి ఒకవైపు. సగం వచ్చినవి మధ్యలో. మొదట మధ్యలోవాటిని పట్టుకోవాలి. తక్కువ శ్రమతో ఎక్కువ మార్కులొచ్చేది వాటి నుంచే. బొత్తిగా రానివాటిలో తేలికైనవి రెండు మూడు తీసుకోవాలి. వచ్చినవాటిని వదిలేయకుండా వారానికోసారి పలకరించాలి. చాలామంది పిల్లలు బాగా వచ్చిన పాఠాన్నే మళ్లీమళ్లీ చదువుతుంటారు, అది ధైర్యాన్నిస్తుంది కాబట్టి. మార్కుల్ని ఇవ్వదు.

నిద్ర మానుకుని చదవడం గొప్పగా చెప్పుకునే అలవాటు ఇంకా పోలేదు. పగలు చదివింది తలలో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి రెండింటిదాకా ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చున్న పిల్లాడు మరునాడు ప్రశ్నలో 'కానిది ఏది' అన్న మాటను 'అయినది ఏది' అని చదువుకుని వస్తాడు. పరీక్ష ముందు రాత్రి పదింటికల్లా పడుకోవాలి. హాల్‌టికెట్టు, రెండు పెన్నులు, పెన్సిల్, స్కేలు అట్ట మీద పెట్టేసి పడుకుంటే పొద్దున వెతుకులాట ఉండదు. పేపరు చేతికొచ్చాక పది నిమిషాలు చదవడానికే కేటాయించాలి. 'భేదాలు రాయండి' అంటే రెండింటి గురించీ విడివిడిగా వ్యాసాలు రాయమని కాదు.

పరీక్ష రాసొచ్చిన మధ్యాహ్నం చాలా ఇళ్లల్లో ఇంకో పరీక్ష మొదలవుతుంది. ప్రశ్నపత్రం లాక్కుని 'దీనికేం రాశావ్, దానికేం రాశావ్' అని మార్కులు కూడటం. కూడికలో ఎన్ని వచ్చినా అయిపోయిన పేపరులో ఒక్క మార్కూ పెరగదు, రాబోయే పేపరులో మాత్రం తగ్గొచ్చు. అన్నం పెట్టి గంటసేపు పడుకోనివ్వండి.

ఇక ఫలితాలు. తప్పినవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు పెడుతున్నారు. అందులో గట్టెక్కితే ఏడాది వృథా కాకుండా ఇంటర్లో చేరిపోవచ్చు. ఈ సంగతి ఫలితాలొచ్చిన రోజు కాదు, ఇవాళే పిల్లల చెవిన వేయాలి. ఫెయిలైతే ఇంట్లో మొహమెలా చూపించాలన్న బెంగతో ప్రాణాల మీదికి తెచ్చుకున్న పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. పిల్ల ముభావంగా ఉన్నా, తిండి మానేసినా, 'నేను లేకపోతే మీకే హాయి' లాంటి మాట అన్నా పరీక్షల సంగతి పక్కనపెట్టి దగ్గర కూర్చోవాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సహాయ కేంద్రం ఉంది, 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలే చేయక్కర్లేదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులూ చేయొచ్చు.